రాని చోటే మొదలు

అనగనగా, రాజులు కచేరీ విన్నాకే భోజనానికి లేచే రోజుల్లో, మరకతపురి అనే పట్టణం ఉండేది. అక్కడ అనంతమ్మ అనే గురువుగారి దగ్గర ఇద్దరు వీణ నేర్చుకునేవారు. ఒకడు మంత్రిగారి కొడుకు శ్రీదత్తుడు. రెండో ఆమె నేతపనివాడి కూతురు చెంగల్వ.

ఒకనాడు గురువుగారు ఇద్దరికీ ఒకే వర్ణం నేర్పి, "రాజుగారి సంగీతశాలలో ఒక్కరికే చోటుందట. గడువు నెల్లాళ్ళు. దీన్ని తప్పు లేకుండా చివరిదాకా వాయించినవారికే ఆ చోటు" అని చెప్పింది.

చెంగల్వ తండ్రి కూడా ఒక మాటన్నాడు. "చోటు దొరికితే వెళ్ళు తల్లీ, నాకు సంతోషమే. దొరక్కపోతే మాత్రం వీణ మూలపెట్టి మగ్గం మీద కూర్చో. ఏదో ఒక పని నిలకడగా నేర్చుకోవాలి కదా."

వీణ మూలపెట్టడం చెంగల్వకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

శ్రీదత్తుడికి రోజంతా తీరికే. పొద్దున్నే కూర్చుని పల్లవి ఎత్తుకునేవాడు. ఎక్కడ తప్పు దొర్లినా మళ్ళీ మొదటికి వచ్చేవాడు. పల్లవి అతని చేతిలో తీయగా పలికేది. చివరి స్వరాల దాకా వచ్చేలోగా భోజనానికి పిలుపొచ్చేది.

చెంగల్వకు తీరికెక్కడిది? నీళ్ళు తేవాలి, కండెలు చుట్టాలి, నూలుకు గంజి పెట్టాలి. ఆ నూలు ఆరేంతసేపే ఆమెది. మొదటి రోజు వర్ణమంతా ఒకసారి వాయించి చూసుకుంది. చివరి స్వరాల్లోనే వేళ్ళు తడబడ్డాయి. మర్నాటి నుంచి అక్కడే మొదలుపెట్టింది.

పక్కింటి పోలమ్మ ఊరుకుంటుందా? "ఏమే, ఎప్పుడు విన్నా ఆ నాలుగు ముక్కలేనా? పల్లవి ఎంత బాగుంటుంది, అది వాయించరాదూ?" అంది.

చెంగల్వకు సిగ్గేసింది. పల్లవి వాయించాలని ఆమెకు మాత్రం లేదా? అయినా, "వచ్చింది వాయించుకుంటూ కూర్చునే తీరిక నాకు లేదు పిన్నీ" అని మళ్ళీ ఆ నాలుగు ముక్కలే పట్టుకుంది. అవి లొంగాక వాటి ముందువి, ఆపైన వాటి ముందువి సాధన చేసింది.

గడువు ముగిసింది. రాజుగారి నిండు సభలో శ్రీదత్తుడు పల్లవి ఎత్తుకోగానే అందరూ తలలూపారు. "ఇక నాకు మగ్గమే" అనుకుంది చెంగల్వ. ఇంతలో చివరి స్వరాల దగ్గర అతని వేలు మెట్టు తప్పింది. అలవాటు కొద్దీ మళ్ళీ పల్లవికి వెళ్ళాడు. రెండోసారీ అక్కడే తప్పింది. మూడోసారీ అంతే. తలలూపినవాళ్ళే ముసిముసిగా నవ్వారు.

తర్వాత చెంగల్వ వంతు వచ్చింది. ఆమె పల్లవి మామూలుగానే సాగింది. ఒక పెద్దమనిషి ఆవులించాడు కూడా. పోనుపోను ఆమె చెయ్యి కుదురుకుంది. చివరి స్వరాల్లో ఒక్కటీ జారలేదు. ఆవులించినాయన తెలియకుండానే తాళం వేయసాగాడు.

రాజు శ్రీదత్తుణ్ణి దగ్గరకు పిలిచాడు. "నాయనా, పల్లవి ఎన్నిసార్లు సాధన చేశావు?"

"వెయ్యిసార్లయినా ఉంటుంది ప్రభూ."

"మరి చివరి స్వరాలు?"

శ్రీదత్తుడు వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. ఒక చేతి వేళ్ళే సరిపోయాయి.

సంగీతశాలలో చోటు చెంగల్వకు దక్కింది. ఉన్న కాస్త సమయాన్నీ రానిదాని మీద పెట్టినవారికే విద్య లొంగుతుంది.