హుసేనప్ప కాలు

గిరిధర్‌కు ఆ పొద్దున చిర్రెత్తుకొచ్చింది. రాదా మరి. మనిషి ప్రాణం నిలబెడదామని తను నోరు నొప్పిపుట్టేలా చెబుతుంటే, ఆ ప్రాణం ఎవరిదో ఆయనే వద్దంటున్నాడు.

గిరిధర్ అప్పటికే డాక్టరు. ఆపరేషన్లు చేయడం నేర్చుకోవాలని పెద్దాసుపత్రిలో పై చదువు చదువుతున్నాడు. అతనికి గురువు దమయంతి గారు. సర్జరీ వార్డుకంతటికీ పెద్ద ఆవిడే. గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు లేరు గానీ, ఆవిడ వస్తుంటే ఎంతటి డాక్టరైనా చొక్కా గుండీలు ఓసారి సరిచూసుకుంటాడు.

గిరిధర్ ఆవిడ గదిలోకి పోయి నిలబడ్డాడు.

"మేడం, హుసేనప్ప ఒప్పుకోవడం లేదు. షుగరుతో పాదమంతా నల్లబడిపోయింది. విషం పైకి పాకుతోంది. ఇవాళ మోకాలి పైకి తీసేయకపోతే మనిషి దక్కడు. అన్నీ చెప్పాను. బొమ్మ గీసి మరీ చెప్పాను."

"ఏమన్నాడు?"

"అర్థమైందా అంటే అర్థమైందంటాడు. వేలిముద్ర వెయ్యమంటే వద్దంటాడు. చదువు లేని మనిషి మేడం, ఎంత చెప్పినా ఎక్కడం లేదు. తనకిష్టం లేదని రాయించుకుని ఇంటికి పంపించేద్దాం."

దమయంతి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పంపిస్తే ఏమవుతుంది?"

"పోతాడు మేడం."

"పద, చూసొద్దాం," అన్నారు ఆవిడ.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, గిరిధర్ చెడ్డవాడు కాదు. హుసేనప్ప బతకాలని అతనికి నిజంగానే ఉంది. ఆ దిగులుతో పొద్దున టిఫిన్ కూడా తినలేదు. క్యాంటీన్లో తోటివాళ్లు, "ఏరా, నీ బొమ్మల ఎగ్జిబిషన్ ఎప్పుడు?" అని ఏడిపించినా పట్టించుకోలేదు. అతనికి చెప్పడమంటే ఇష్టం, అంతే. చిన్నప్పటి నుంచీ క్లాసులో ఫస్టు వచ్చే పిల్లలకు ఈ ఇబ్బంది ఉంటుంది. ఎదుటివాడు ఒప్పుకోలేదంటే వాడికి అర్థం కాలేదనుకుంటారు. ఇంకోసారి చెబుతారు, ఈసారి కాస్త గట్టిగా.

వీళ్లిద్దరూ వార్డులోకి రావడం చూసి పక్క మంచం ఆయన, కడుపు మీద కుట్లు పడ్డ మనిషి, నవ్వాపుకుంటూ అన్నాడు. "హుసేనన్నా, సారు మళ్లా వచ్చినాడు. దుప్పటి దాసిపెట్టుకో. కాగితం లేకపోతే దాని మీద గీస్తాడు."

హుసేనప్ప కూతురు మాబున్ని స్టూలు మీద నుంచి గబుక్కున లేచింది. దమయంతి గారు ఆ పిల్లను మంచం అంచున కూర్చోమని, తాను స్టూలు దగ్గరగా లాక్కుని కూర్చున్నారు. గిరిధర్ మంచానికి కాళ్ల వైపు, రోజూ నిలబడే చోటే నిలబడ్డాడు. అక్కణ్ణించి కాలు బాగా కనబడుతుంది.

"ఏం పని చేస్తావన్నా?" అని అడిగారు ఆవిడ.

ఇన్నాళ్లూ వైద్యం చేస్తున్నాడు గానీ ఆ సంగతి గిరిధర్‌కు తెలియదు.

"పరుపులు కుడతా మేడమ్మా. దూదేకులోళ్లం."

"అయితే ఈ పరుపు ఎట్లుంది?"

హుసేనప్ప అరచేత్తో నొక్కి చూశాడు. "దీన్ని పరుపంటే మా నాయన గోరీలోంచి లేచొస్తాడమ్మా."

చుట్టుపక్కల మంచాల వాళ్లంతా నవ్వారు. ఆవిడా నవ్వారు. గిరిధర్ గడియారం చూసుకున్నాడు.

నవ్వులు ఆగాయి. ఆ తర్వాత ఆవిడ ఏమీ మాట్లాడలేదు. ఆపరేషన్ ఊసెత్తలేదు. అలాగని లేచి పోనూ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆయన మొహం చూస్తూ కూర్చున్నారు. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది.

గిరిధర్ ఉండబట్టలేకపోయాడు. "చూడు పెద్దాయనా, ఆ విషం పైకి..."

ఆవిడ అతని వైపు చూడకుండానే చెయ్యి కొంచెం ఎత్తారు. అతను ఆగిపోయాడు.

ఊరికే కూర్చోవడం చూసేవాళ్లకు తేలిగ్గానే ఉంటుంది. చేసే డాక్టరును అడిగితే, కడుపులో గడ్డ తీయడమే నయమంటాడు.

హుసేనప్ప దుప్పటి అంచు వేలికి చుట్టాడు, విప్పాడు. కూతురి వంక చూశాడు. గోడ వంక చూశాడు. చివరికి చాలా మెల్లగా అన్నాడు.

"నవ్వరు గదా మేడమ్మా."

"నవ్వను."

"తీసిన కాలు ఏం జేస్తారు?"

ఆ ప్రశ్నకు జవాబు గిరిధర్‌కు తెలుసు. టక్కున చెప్పేశాడు. "మిగతా ఆసుపత్రి చెత్తతో పాటు మిషన్లో వేసి కాల్చేస్తారు. దాని గురించి నీకేం బెంగ అక్కర్లేదు."

మాబున్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అదేనమ్మా," అన్నాడు హుసేనప్ప. "నేను యిన్నది నిజమేనన్న మాట. మా ఇండ్లల్లో కాల్చరు. మన్నులో పెడతారు. మా ఆడమనిషి పక్కన నాకు తావు సూసి పెట్టుకోనుండా. ఒగ కాలు ఈడ పొగలో పోయి, మిగిలింది ఆడ పండుకుంటే, అదేం పండుకోవడమమ్మా. దానికంటే అంతా ఒగసారే పోయేది మేలనుకుంటి."

"నేను అడుగుతానంటే నాయనే వద్దన్నాడు మేడమ్మా," అంది మాబున్ని. "పాణం పోతాదని వాళ్లు సెప్తాంటే పోయిన కాలు యాడేస్తారని అడుగుతామా, పిచ్చోళ్లనుకుంటారు అన్నాడు."

గిరిధర్ ఆ కాలు వైపే చూస్తూ ఉండిపోయాడు.

"మీకే ఇస్తాం హుసేనన్నా," అన్నారు దమయంతి గారు. "శుభ్రమైన గుడ్డలో చుట్టి నీ కూతురి చేతిలో పెడతాం. నువ్వు చూసుకున్న తావులోనే పెట్టుకోండి."

"ఇస్తారా?"

"ఇస్తాం. ఇంటివాళ్లు అడిగితే ఇవ్వడం ఉంది."

హుసేనప్ప దుప్పటి అంచు వదిలేశాడు. గిరిధర్ వైపు ఎడమ చెయ్యి చాపాడు.

"ఏలిముద్ర యాడ ఏయల్ల సారూ?"

గిరిధర్ ఆ బొటనవేలికి ఇంకు పూస్తుంటే, ముసలాయన అతన్ని ఓదారుస్తున్నట్టు అన్నాడు. "నీ బొమ్మలో తప్పేమీ లేదు నాయనా. అచ్చం నా కాలే."

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. కొంతదూరం నడిచాక గిరిధర్ అడిగాడు.

"మేడం, ఇన్నిసార్లు వెళ్లి చెప్పాను. ఒక్కసారైనా ఈ మాట నాతో అనలేదు."

"నువ్వు అర్థమైందా అని అడిగావు. ఆయనకు అర్థమైంది."

అంతే అన్నారు. చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి ఆపరేషన్ అయింది. బాగా జరిగింది. ఎక్కువ రక్తం పోలేదు, నాడి నిలకడగా ఉంది, మనిషి దక్కినట్టే. నర్సు అలవాటు ప్రకారం పసుపురంగు చెత్తసంచి తెరిచి పట్టుకుంది. ఆపరేషన్ గదిలో కోసి తీసినవన్నీ అందులోకే పోతాయి.

దమయంతి గారు వద్దన్నట్టు తలూపారు. కొత్త తెల్లగుడ్డ తెప్పించి బల్ల మీద పరిచారు. కాలు దాని మీద పెట్టి, నెత్తురు తుడిచి, పసిబిడ్డకు చుట్టినట్టు ఆ అంచూ ఈ అంచూ కప్పి చుట్టారు.

"మాబున్ని బయట నిలబడి ఉంది. నువ్వే ఇచ్చిరా."

గిరిధర్ మనసు ఇంకా కుట్ల దగ్గరే ఉంది. అటే చూస్తూ, మూట అందుకోవడానికి ఒక చెయ్యి చాపాడు.

ఆవిడ వదల్లేదు.

ఎందుకా అని అతను తిరిగి చూశాడు.

"అది ఇంకా హుసేనప్పే," అన్నారు ఆవిడ.

గిరిధర్ రెండో చెయ్యి కూడా చాపాడు.