నల్లమద్ది కడుపులో ఊట

ఒకప్పుడు నల్లమద్ది చెట్టు బెరడు అరటిబోదెలా నున్నగా ఉండేది. దాని లోపల చుక్క నీరు ఉండేది కాదు.

ఆ రోజుల్లో దట్టమైన అడవి ఉన్న కొండ మీద ఒక్కటే ఊట. నీళ్లు మోసేది ఆడవాళ్లు గనక దాని దారి వాళ్లకే తెలుసు. మగవాళ్లకు తాగడం వరకే తెలుసు.

ఒక ఎండాకాలం రాజుగారి గొడ్డళ్లవాళ్లు కొండెక్కారు. కొత్త కోటకు దూలాలు కావాలట. తాతముత్తాతల నాటి అడవిని మొదలంటా నరుకుతామన్నారు. అడ్డుపడిన మగవాళ్లను తాళ్లతో కట్టి కొండ దింపేశారు. మళ్లీ వాళ్ల జాడ లేదు.

అప్పుడు ఉంగవ్వ అనే ముసలామె ఆడవాళ్లను పోగుచేసింది.

"ఈ ఎండలో నీళ్లు లేందే గొడ్డలి లేవదు. ఊటను దాచేద్దాం," అంది.

"రాళ్లు కప్పినా తడి కనబడుద్ది గదా అవ్వా," అన్నారు వాళ్లు.

ఊట పక్కనే ఉన్న నల్లమద్ది ఆ మాట విన్నది. "నా కడుపులో దాచండి. నేను నోరు విప్పను," అంది.

ఊట సరేనంది. వేళ్లలోంచి పాకి చెట్టు కడుపులో కూర్చుంది. ఆడవాళ్లు ముందే నింపిన కుండలెత్తుకుని, పిల్లల్ని చంకనేసుకుని రెండు కొండల అవతలి మేనమామల ఊరికి బయలుదేరారు.

ఉంగవ్వ మాత్రం కదల్లేదు. "ఒక్కతే అయితే చెట్టు బెదిరిపోద్ది. నేను తోడుంటా, మీరు పొండి," అంది.

గొడ్డళ్లవాళ్లు తెచ్చుకున్న నీళ్ల తిత్తులు ఎండిపోయాయి. కొండంతా గాలించి, చెట్టుకు ఆనుకుని కూర్చున్న ఉంగవ్వను పట్టుకున్నారు.

"ఊట ఏదే ముసలీ?"

"ఎతుక్కోండి."

ఎప్పటికైనా ఈమెకూ దాహమేస్తుంది, నీళ్ల దగ్గరికే పోతుందని వాళ్లు ఎదురుగా కాపలా కూర్చున్నారు. ఉంగవ్వ నాలుక ఎండింది. పెదాలు పగిలి నెత్తురొచ్చింది. వీపు వెనక, చెట్టు లోపల నీళ్లు కదులుతున్న చప్పుడు ఆమెకు వినిపిస్తూనే ఉంది.

"అవ్వా, చిన్న గాటు పెట్టు. గుక్కెడు తాగు," అని చెట్టు గుసగుసగా బతిమాలింది.

"గాటు పెడితే ఆళ్లకి తెలిసిపోద్ది. నోరు మూసుకో బిడ్డా," అంది ఉంగవ్వ. వీపును చెట్టుకు ఇంకా గట్టిగా ఆనించింది.

ఆమె ప్రాణం పోయాక గొడ్డళ్లవాళ్లకు నీళ్ల మీద ఆశ చచ్చింది. గొడ్డళ్లు అక్కడే పారేసి, పడుతూ లేస్తూ కొండ దిగిపోయారు.

చెట్టుకు ఏడుపొచ్చింది. ఏడిస్తే నీళ్లు బయటపడతాయని దిగమింగింది. ఆ దిగమింగిన ఏడుపుకు దాని నున్నని బెరడంతా ఉంగవ్వ పెదాల్లాగే పగిలిపోయింది. ఆడవాళ్లు తిరిగొచ్చి ఎంత పిలిచినా, తోడు పోయిన చెట్టును వదిలి ఊట బయటికి రాలేదు.

అప్పటినుంచే నల్లమద్దికి పైనంతా పగుళ్లు, కడుపులో నీళ్లు. అడవిలో గొంతెండినప్పుడు ఆ ఆడవాళ్లు చిన్న గాటు పెట్టి తాగేవారు. మొదటి గుక్క మాత్రం చెట్టు మొదట్లో పోసేవారు. అది ఉంగవ్వ తాగని గుక్క.