తీరిగ్గా వచ్చే కెరటం

దానేసుకి ఆ పొద్దున ఒకటే ఆరాటం. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తండేలై, అంటే పడవకి పెద్దై, ముగ్గురు మనుషుల్ని వెంటేసుకుని వేటకి దిగాలి. అత్తవారు పెట్టిన ఎర్ర తలపాగా కూడా చుట్టేశాడు. పడవ పొడి ఇసక మీద సిద్ధంగా ఉంది. పని నేర్పిన కొర్లయ్య తాత మాత్రం "ఊఁ" అనడం లేదు. ఆయన ఊఁ అనందే ఆ ముగ్గురూ తెడ్డు ముట్టరు మరి!

"ఇంకా ఏటి తాతా ఆలోచన? ఫోన్లో చూసేను. కెరటం ఎత్తు మీటరే. మా పాప కూడా దాటేస్తాది."

"ఇంకేటి రాసుంది అందులో?"

"కెరటానికీ కెరటానికీ మధ్యన పద్దెనిమిది సెకన్లంట. మామూలు రోజు ఏడో ఎనిమిదో. అంటే ఇయ్యాల సముద్రం తీరిగ్గా ఉంది తాతా! ఒకటి పోయి ఇంకోటొచ్చేలోగా బీడీ కాల్చుకుని మరీ దాటేయొచ్చు."

పడవ వెనక ఆ ముగ్గురిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు తాత మీదేనని దానేసుకి గట్టి నమ్మకం.

తాత వాదించలేదు. "అంత తీరికుంటే చద్దన్నం తినేసి ఎల్దువు గాని. అదిగో, ఆ తడి ఇసక మీద కూకో," అని, తాను మాత్రం పైకెళ్లి పడవ పక్కన చతికిలబడ్డాడు.

దానేసు దర్జాగా కూర్చున్నాడు. పక్కన చెప్పులు, ఒళ్లో గిన్నె, గిన్నెలో అన్నంతో పాటు ఎండు నెత్తళ్ల చేపలు. సముద్రం నూనె రాసినట్టు మెరుస్తోంది. నాలుగు ముద్దలయ్యాయి.

"చూసేవా తాతా!" అని వెనక్కి తిరిగి నవ్వాడు.

అలా తిరిగినవాడికి, ఒడ్డున ఉన్న నీరంతా చప్పుడు లేకుండా సముద్రంలోకి జారిపోవడం ఏం కనబడుతుంది? ఆ వెనకే లేచిందండీ, గోడ!

మూడు పల్టీలు కొట్టి, తిన్నగా తాత కాళ్ల దగ్గర తేలాడు దానేసు. గిన్నె లేదు, చెప్పులు లేవు, తలపాగా లేదు. చెవి వెనక ఒక్క ఎండు చేప మాత్రం మిగిలింది.

"ఫోన్లో మీటరే అని ఉంది తాతా," ఉప్పునీళ్లు ఉమ్ముతూ అన్నాడు. "పైగా అంత తీరిగ్గా వచ్చిందే!"

"తీరిగ్గా వచ్చీవోడు శానా దూరం నించి వస్తన్నాడురా," అన్నాడు తాత, ఆ చేప తీసి ఇసక దులుపుతూ. "అంత దూరం వచ్చి ఒట్టి చేతుల్తో ఎల్తాడా?"

దానేసు ముగ్గురి వైపూ చూశాడు. ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

లేచి, పడవకి భుజం ఆనించి తోశాడు. ఊరి వైపుకి.