పదకొండు రాదులు

సీతాపతికి ఆ ఉదయం టిఫిను కూడా సహించలేదు. జిల్లా పరిషత్ హైస్కూలుకి హెడ్మాస్టరై ఆర్నెల్లు కాలేదు, పదో తరగతి పిల్ల ఒకతె ఆయన పరువు కాస్తా గంగలో కలిపేసింది.

ఆ పిల్ల పేరు రోహిణి. బడికి ఫోను తేకూడదని తెలిసీ తెచ్చింది. తెచ్చి ఊరుకుందా? ఆడపిల్లల బాత్రూము తలుపు ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద, "మా హెడ్మాస్టరు గదికి రెండు గొళ్ళాలు, మాకు ఒక్కటీ లేదు. ఆయనకి కళ్ళూ లేవు" అని రాసింది. సాయంత్రానికి టీకొట్టు దగ్గర కూడా అదే మాట.

సీతాపతి టీసీ రాసేశాడు. సంతకం ఒక్కటే మిగిలింది. అది పెడితే పిల్ల చదువు అక్కడితో సరి. పక్క హైస్కూలు పదహారు కిలోమీటర్లు, బస్సు లేదు, ఎప్పుడు మాన్పిద్దామా అని వాళ్ళ నాన్న కాచుకుని ఉన్నాడు. ఇవన్నీ సీతాపతికి తెలుసు. అందుకే కాబోలు చెయ్యి సాగలేదు.

అదే బళ్ళో తనకి తెలుగు చెప్పిన వరాహం మాస్టారు గుర్తొచ్చారు. రిటైరై పదేళ్ళయినా ఊళ్ళోనే ఉంటున్నారు. ఆయన చేత సరే అనిపించుకుంటే మనసు కుదుటపడుతుందని, స్కూటరు మీద కూర్చోబెట్టుకుని, దారిలో జరిగిందంతా చెబుతూ బడికి తీసుకొచ్చాడు.

"నేనేం ముందు చెప్పకుండా చెయ్యట్లేదు మాస్టారూ. అన్నీ గోడ మీద రాయించాను, పదకొండు నిబంధనలు. చూడండి!" అన్నాడు, కాస్త గర్వంగానే.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని పైకే చదివారు. "తరగతిలో మాట్లాడరాదు. సెల్ ఫోన్ వాడరాదు. ఉపాధ్యాయులను ప్రశ్నించరాదు. ఫిర్యాదులు రాయరాదు. గోడల మీద రాయరాదు…"

గోడల మీద రాయరాదని గోడ మీదే రాయించాడు మహానుభావుడు!

"భాష బాగుందిరా," అన్నారు మాస్టారు.

సీతాపతి ముఖం చేటంతయింది. "మీ చలవే మాస్టారూ."

"ఏదీ, ఓ సుద్దముక్క ఇలా ఇయ్యి."

మాస్టారు గోడ దగ్గరికెళ్ళి మొదటి వాక్యం ముందు ఒక్క మాట రాశారు. రెండోదాని ముందూ అదే, మూడోదాని ముందూ అదే. కింది వరుసలకి నడుం వంగక, అమ్మయ్య అంటూ నేల మీద చతికిలబడి మరీ రాశారు. పదకొండూ పూర్తయ్యాక సుద్దముక్క తిరిగిచ్చేశారు.

"ఇప్పుడు చదువు. ఆరో తరగతిలో చదివించేవాణ్ణే, అలా మాట మాటా విడదీసి."

సీతాపతి గొంతు సవరించుకున్నాడు. "వీళ్ళకి… తరగతిలో… మాట్లాడ… రాదు. వీళ్ళకి… సెల్ ఫోన్… వాడ… రాదు."

కిటికీలోంచి ఎవరో కిసుక్కుమన్నారు. సీతాపతి గొంతు తగ్గింది.

"వీళ్ళకి… ఫిర్యాదులు… రాయ… రాదు." అక్కడితో ఆపేసి వెనక్కి తిరిగాడు. "నేను రాయించింది ఇది కాదు మాస్టారూ!"

"నువ్వు రాయించినదాంట్లో ఒక్క అక్షరం చెరపలేదురా నేను."

"అయితే నన్ను పట్టుకుని కళ్ళు లేవంటుందా? అది తప్పు కాదూ?" సీతాపతికి ఉక్రోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తప్పే. రాయ రాదు దానికి." మాస్టారు చేతుల సుద్ద దులుపుకున్నారు. "నువ్వు సంతకం పెడితే వచ్చేస్తుందా?"

సీతాపతి మళ్ళీ గోడ వైపు తిరిగి నాలుగో వాక్యం చదువుకున్నాడు, ఈసారి లోపల్లోపలే. తర్వాత అటెండరుని పిలిచి, గొళ్ళాలు కొనుక్కురమ్మని బజారుకి పంపాడు. టీసీ కాగితం అడ్డంగా చింపేశాడు. రోహిణికి కబురు పెట్టాడు.

పిల్ల పుస్తకాల సంచీ భుజాన వేసుకునే వచ్చింది. ఏడ్చినట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ, తల మాత్రం దించలేదు.

"టీసీ ఇచ్చేయండి సార్, వెళ్ళిపోతాను."

సీతాపతి తన పక్కకి ఇంకో కుర్చీ లాగాడు. బల్ల మీద ఓ తెల్లకాగితం పెట్టి, పైన 'ఫిర్యాదు' అని రాశాడు.

"కూర్చోమ్మా," అన్నాడు. "మనిద్దరికీ రాదు."