పెద్ద డాక్టరు లేరా?

వినీల నేపాల్ వెళ్ళింది పన్ను పీకడానికి. మూడు వారాలు గడిచాయి. అప్పటిదాకా ఆమె చేసిన పని మనుషుల తలలు పట్టుకోవడం, టార్చి వెయ్యడం, బకెట్టు కడగడం.

బౌద్ధ సన్యాసినుల ఆశ్రమం అది. జీపు దిగాక సగం రోజు కొండ ఎక్కితే వస్తుంది. వరండా చివర ఒక గది, గదిలో ఒక పాత కుర్చీ. ఆ చుట్టుపక్కల కొండలన్నిటికీ అదే పళ్ళ ఆసుపత్రి. దాన్ని నడిపేది ఆనీ డోల్మా. ఆనీ అంటే అక్కడ సన్యాసినిని పిలిచే మాట. గుండు, ముదురు ఎరుపు బట్టలు, వాటి మీద తెల్ల ఏప్రాన్.

ఆవిడకు తెలుగు వచ్చు. సన్యాసం తీసుకోకముందు కృష్ణా జిల్లాలో ఒక డెంటల్ కాలేజీలో చదివింది. తెలుగు నేర్చుకున్నది మాత్రం క్లాసులో కాదు, ఓపీలో, రోగుల దగ్గర. అందుకే ఆ తెలుగులో ఆజ్ఞలే ఎక్కువ. నోరు తెరువు. పుక్కిలించు. ఉమ్మెయ్. రేపు రా. కుర్చీలో కూర్చోని వాళ్ళతో కూడా అలాగే మాట్లాడేది.

వినీలది జంగారెడ్డిగూడెం. ఇంటర్ అయింది, నీట్ రాసింది, సీటు రాలేదు. మళ్ళీ రాయాలి. ఈలోగా విదేశాల్లో సేవ చేసి రమ్మని, పని చేతులతో నేర్పిస్తామని ఢిల్లీ సంస్థ ఒకటి ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటనలో ఒక అమ్మాయి పటకారు పట్టుకుని, దానిలో ఉన్న పన్నును కెమెరాకు చూపిస్తూ నవ్వుతోంది. వినీల ఆ ఫొటో చూసి పేరు ఇచ్చింది.

ఒక సాయంత్రం, రోగులు వెళ్ళిపోయాక, అడిగేసింది.

"ఆనీగారూ, నాకు ఒక పన్ను ఇవ్వండి."

ఆనీ పటకార్లు ఉడకబెడుతోంది. "ఎవరిది?"

"ఎవరిదైనా సరే. బాగా కదిలేది. వేలితో లాగినా ఊడొచ్చేది."

"చదువు. తరవాత పీకు."

"ఐదేళ్ళు చదివాక నా చెయ్యి వణుకుతుందని తెలిస్తే? అప్పుడేం చెయ్యాలి? ఇప్పుడే తెలిస్తే ఇప్పుడే మానేస్తాను కదా. మా నాన్నకు ఆ మాత్రం చెప్పగలగాలి నేను."

"పుక్కిలించు," అంది ఆనీ.

"ఏంటీ?"

"నోట్లో ఇంకా ఏదో ఉంది. అది కూడా ఉమ్మెయ్."

వినీల ముఖం ఎర్రబడింది. "ఉంది. చెప్తాను. అవతలి కొండ క్యాంపులో మా బ్యాచ్ రుత్విక్ ఉన్నాడు. నాకంటే మార్కులు తక్కువ వాడికి. నాలుగు పీకాడు. గ్రూపులో ఫొటోలు పెడుతున్నాడు. నేనేం పెట్టాలి, బకెట్టు ఫొటోనా? అయినా ఇక్కడ ఎవరూ అడగరు."

ఆనీ గిన్నె మీద మూత పెట్టి ఇటు తిరిగింది.

"ఎవరూ అడగరు?"

"అడగరు. మొదటి రోజు నుంచీ నన్ను డాక్టర్ సాబ్ అనే పిలుస్తున్నారు."

"నువ్వేమంటున్నావు?"

వినీల బకెట్టు అందుకుంది. వాళ్ళు పిలిచినప్పుడు కాదని ఆమె ఒక్కసారీ అనలేదు.

"మీ తెలుగు వాళ్ళు అడుగుతారు," అంది ఆనీ. "కాలేజీలో నేను పళ్ళు చూసే అద్దం పట్టుకుంటే చాలు, ముసలమ్మ నోరు మూసేది. 'పెద్ద డాక్టరు లేరా అమ్మాయ్?' అనేది. ఒక్క ముసలమ్మ కాదు. ఐదేళ్ళూ అన్నారు."

"మరి అవమానం కాదా?"

"అవమానమే."

పొయ్యి ఆర్పి, ఆనీ ప్రార్థనకు వెళ్ళిపోయింది. మందలింపు ఇంతేనా అనుకుంది వినీల.

మరునాడు పొద్దున ఆనీ నేరుగా గదిలోకి రాలేదు. వరండాలో బెంచీ మీద వరసగా కూర్చున్న రోగుల దగ్గర ఆగింది. ఒక చివర నుంచి మరో చివర దాకా ఏదో చెప్పుకుంటూ వచ్చింది. బెంచీ అంతా నవ్వింది. వాచిన బుగ్గలు కూడా నవ్వాయి.

మొదట ఒక ముసలాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వినీల వెనక నిలబడి ఆయన తల పట్టుకుంది. ఆయన నోరు తెరవలేదు. మెడ తిప్పి ఆమెను కింద నుంచి పైకి చూశాడు.

"తపాయి డాక్టర్ హో?"

"నువ్వు డాక్టరువా అంటున్నాడు," అంది ఆనీ.

"నాకు అర్థమైంది."

"అయితే చెప్పు. చెప్పేదాకా నోరు తెరవడు."

వినీల గోడకేసి చూసి "స్టూడెంట్" అంది.

ముసలాయన తల ఊపి, కాసేపు ఆలోచించి, ఇంకేదో అడిగాడు.

"ఏ కాలేజీ అంటున్నాడు."

"ఇదంతా మీరే అడిగిస్తున్నారు!"

"మొదటి ప్రశ్న నాది. ఇది ఆయన సొంతం."

వరండాలోంచి ఎవరో తొంగి చూశారు. ముసలాయన పెదాలు బిగించి కూర్చున్నాడు. కాలేజీ లేదు. కాలేజీ వస్తుందో రాదో కూడా తెలియదు.

"స్టూడెంట్‌ని కూడా కాదు. కాదు అనడానికి ఏమంటారు?" అంది వినీల.

"హోయిన."

"హోయిన!" రాయి విసిరినట్టు అంది.

ముసలాయన తృప్తిగా నోరు తెరిచాడు.

ఆ రోజు ప్రతి ఒక్కరూ అడిగారు. ఒకావిడ పాటలా అడిగింది. ఒకాయన బుగ్గలో చీముతో మాట పెగలక, వేలితో ఆమెను చూపించి, కనుబొమలతో అడిగాడు. ఒక అవ్వ జవాబు విని, పోనీలే పాపం అన్నట్టు ఆమె భుజం తట్టింది. అన్నిటికంటే అదే ఎక్కువ మండింది వినీలకు.

మధ్యాహ్నం చేతులు కడుక్కుంటూ అంది. "నన్ను అందరి ముందూ అవమానించారు."

"అవును."

"ఎందుకు?"

"నన్ను ఐదేళ్ళు అవమానించారు. బాగా చదివాను."

"నేను రేపు వెళ్ళిపోతున్నాను."

"రేపు సామాను మోసే మనిషి దొరకడు. ఎల్లుండి వెళ్ళు. రేపు తల పట్టుకో."

వినీల వెళ్ళలేదు. వెళితే ఓడిపోయినట్టు అనిపించింది. మరునాటి నుంచి ఇంకో పద్ధతి ఎత్తుకుంది. రోగి కూర్చోగానే, ఆయన అడగకముందే, గడ్డం ఎత్తి "హోయిన!" అనేది. అడగండి చూద్దాం అన్నట్టు ఉండేది ఆ గొంతు. బెంచీకి అది తెగ నచ్చింది. కొన్నాళ్ళకి ఆమెకు పేరు పెట్టేశారు. హోయిన సాబ్. ఆ పేరుతో పిలిస్తే వినీల పలికేది కాదు. కానీ వెళ్ళేది.

ఆమె తిరుగు ప్రయాణానికి ముందు రోజు సంస్థ మనిషి వచ్చాడు. పేరు సంకల్ప్. వయసు ముప్పై లోపే, మెడలో కెమెరా. కొండ ఎక్కి వచ్చిన ఆయాసం తీరకముందే పనిలో పడ్డాడు.

"అన్ని క్యాంపుల నుంచీ వీడియోలు వచ్చాయి ఆనీజీ. మీ దగ్గర నుంచి ఒక్కటి లేదు. ఈ అమ్మాయి చేత ఒక పన్ను తీయించండి. చిన్నదే."

"తీయించను."

"గ్లౌజులూ మత్తు మందూ పంపేది మేమే."

"డబ్బాలు ఆ మూల ఉన్నాయి. తీసుకెళ్ళు," అంది ఆనీ. ఆవిడ గొంతు పెంచలేదు. నోరు తెరువు అన్నంత మామూలుగా అంది.

సంకల్ప్ నవ్వేసి ఊరుకున్నాడు. డబ్బాల జోలికి వెళ్ళలేదు.

ఆ రోజు ఆఖరున ఫూల్‌మాయా అనే ఆవిడ వచ్చింది. బరువులు మోసే మనిషి. నుదుటి మీద మోకు ఒరిసిన నల్లటి చార ఉంది. కొండ అవతలి ఊరి నుంచి అప్పుడే వచ్చింది, బెంచీ మీద ఎవరితోనూ కూర్చోలేదు, ఏ కబురూ వినలేదు. కింది దవడలో ఒక పన్ను పూర్తిగా వదులైపోయి ఉంది. ఆనీ చూసింది, మత్తు సూది వేసింది, తిమ్మిరి ఎక్కేదాకా ఆగాలంది. ఇంతలో వరండాలో ఒకాయన కళ్ళు తిరిగి పడిపోయాడని కేక వినిపిస్తే బయటికి పరుగెత్తింది.

సంకల్ప్ తలుపు దగ్గరగా వేశాడు.

"సూది అయిపోయింది. కష్టమైన పని అదే. ఇక లాగడమే." ఉడికించిన పటకారు తీసి వినీల చేతిలో పెట్టాడు. "ఒక్క నిమిషం. నువ్వు వచ్చింది దీనికే కదా?"

దీనికే. వినీల కుర్చీ ముందుకు వచ్చింది. పటకారు అనుకున్నదానికంటే బరువుగా ఉంది. చేతి వంక చూసుకుంది. చెయ్యి వణకడం లేదు. ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచీ తెలుసుకోవాలనుకున్న సంగతి అది. ఇప్పుడు తెలిసింది.

ఫూల్‌మాయా ఆమెను చూసి "డాక్టర్ సాబ్" అని చేతులు జోడించింది. నోరు పెద్దగా తెరిచింది.

సంకల్ప్ కెమెరా ఎత్తాడు.

వినీల ఆగింది. ఆవిడ ఏదైనా అడుగుతుందేమోనని చూసింది. ఆవిడ అడగలేదు. కళ్ళు మూసుకుని కూర్చుంది.

"హోయిన," అంది వినీల.

ఆవిడకు అది ఎందుకన్నదో తెలియలేదు. నోరు అలాగే తెరిచి ఉంచింది.

వినీల పటకారు పక్కన పెట్టింది. ఫూల్‌మాయా గడ్డం కింద చెయ్యి ఆనించి, ఆ నోరు మెల్లగా మూసింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు సంకల్ప్.

"మూశాను."

"ఆమె ఏమైనా వద్దందా? అసలేమైనా అడిగిందా నిన్ను?"

"అడగలేదు. అందుకే."

"చూడు, నీ బ్యాచ్‌లో చెయ్యనిదానివి నువ్వొక్కదానివే అవుతావు. ఇంతదూరం వచ్చి తలలు పట్టుకుని వెళ్ళానని చెప్పుకుంటావా?"

"చెప్పుకుంటాను. బకెట్టు కూడా కడిగాను, అదీ చెప్పుకుంటాను. తలుపు తియ్యండి, ఆవిడకి ఊపిరాడట్లేదు."

అతను తియ్యలేదు. వినీలే వెళ్ళి బార్లా తీసింది. గడప అవతల ఆనీ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. బయట పడిపోయినాయన లేచి టీ తాగుతున్నాడు.

"వచ్చే నెల నుంచి డబ్బాలు రావు," అన్నాడు సంకల్ప్ ఆవిడతో.

"సరే," అంది ఆనీ. అతను కెమెరా సర్దుకుని కొండ దిగడానికి వెళ్ళాడు.

ఆనీ లోపలికి వచ్చింది. చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని, కుర్చీ దగ్గరికి వచ్చింది. వినీల వెనక్కి వెళ్ళి తల పట్టుకుంది. పన్ను రెండు కదలికల్లో వచ్చేసింది. ఆనీ దూది పెట్టి, కొరికి పట్టుకోమంది.

ఫూల్‌మాయా దూది పళ్ళ మధ్య పెట్టుకునే ఆనీని ఏదో అడిగింది. ఇందాక ఏం జరిగిందని కాబోలు. ఆనీ చెప్పింది. ఫూల్‌మాయా వెనక్కి తిరిగి వినీలను చాలాసేపు చూసింది. తరవాత బుగ్గ అవతలి వైపు వేలు పెట్టి చూపిస్తూ, ముద్ద ముద్దగా ఏదో చెప్పి నవ్వింది.

"ఏమంటోంది?"

"అవతలి పన్ను కూడా పుచ్చిందట. నువ్వు డాక్టరయి వచ్చేదాకా నీ కోసం దాచి ఉంచుతానంటోంది."

వినీల నవ్వింది. ఇక్కడికి వచ్చాక అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

ఆనీ నవ్వలేదు. ఫూల్‌మాయా నోరు మళ్ళీ తెరిపించి, ఆ అవతలి పన్ను మీద టార్చి వేసి చూసింది.

"దాచనివ్వను," అంది. "రేపే సిమెంటు పెడతాను. నువ్వు వచ్చేసరికి ఇక్కడ పీకడానికి ఏమీ మిగలకూడదు."