మోకాలి లోతు నీళ్ళు

అనగనగా ఒక కొండ అడవిలో, ఈత పొదల వెనక, ఒక అడవిపందుల కుటుంబం కాపురం ఉండేది. నాన్న పేరు గుబురయ్య. వీపు మీద జూలు గుబురుగా ఉండేది కాబట్టి ఆ పేరు. అమ్మ పేరు దుంపమ్మ. నేలలో ఎంత లోతున దుంప ఉన్నా ముక్కుతో పసిగట్టేసేది. వాళ్ళకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు గునపం, రెండోవాడు గుమ్మడి, ఆఖరిది పిందె. పిందె ఎంత ఉండేదంటే, నిలబడ్డ నాన్న పొట్ట కిందనుంచి తల వంచకుండా అటూ ఇటూ పరిగెత్తేది.

తొలకరి వచ్చింది. వాగు అవతల నేరేడు పళ్ళు రాలి నేలంతా నల్లగా అయిపోయిందని పిట్టలు చెప్పుకున్నాయి. పిల్లలు ఆ పళ్ళ రుచి ఎరగరు.

"రేపు పొద్దున్నే అందరం వెళ్దాం. కడుపునిండా తిని సాయంత్రానికి వచ్చేద్దాం" అన్నాడు గుబురయ్య.

పిల్లలకి చెప్పి ఊరుకున్నాడా? లేదు. ముళ్ళపందికి చెప్పాడు. కుందేలుకి చెప్పాడు. అడక్కపోయినా తాబేలుని ఆపి మరీ చెప్పాడు.

తెల్లవారేసరికి కొండ మీద మబ్బు కమ్ముకుంది.

"ఏమండీ, ఇవాళ వద్దేమో. ఎల్లుండి వెళ్దాం" అంది దుంపమ్మ.

"అది ఉత్త మబ్బు. మీ అన్నయ్యలాగా చూడ్డానికే లావు" అన్నాడు గుబురయ్య.

"మా అన్నయ్య జోలికి రాకండి" అంది దుంపమ్మ. అయినా బయలుదేరింది. పిల్లలు అప్పటికే సగం దారి గెంతేశారు మరి.

కాసేపటికి చినుకులు మొదలయ్యాయి. పందిపిల్లలకి వానంటే పండగే కదా. నోళ్ళు తెరిచి చినుకులు పట్టుకుంటూ నడిచారు.

"నాన్నా, ఇంకా ఎంత దూరం?" అన్నాడు గుమ్మడి.

"అదిగో, ఆ మలుపు తిరిగితే వచ్చేసినట్టే."

మలుపు తిరిగారు. అక్కడ ఇంకో మలుపు ఉంది.

మొదట దారిలో ఒక గుంట వచ్చింది. గుబురయ్య కాలు పెట్టి చూసి, "గిట్ట తడిసేంతే, రండి" అన్నాడు. అందరూ దాటారు. గునపం దాటి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ దాటాడు. సరదాకి.

తర్వాత ఒక పిల్లకాలువ వచ్చింది. గుబురయ్య దిగి చూసి, "మోకాలి లోతే, రండి" అన్నాడు. గునపానికి నీళ్ళు పొట్ట దాకా వచ్చాయి. పిందెకి గడ్డం దాకా వచ్చాయి. పాపం, ముక్కు ఆకాశంలోకి ఎత్తి నడిచింది. వెనకనుంచి అమ్మ మూతితో నెట్టి ఒడ్డెక్కించింది.

పిందె ఒళ్ళు దులుపుకుని, "నాన్నా, మోకాలు అంటే గడ్డం దగ్గర ఉంటుందా?" అని అడిగింది.

అందరూ నవ్వారు. గుబురయ్య కూడా నవ్వేసి ముందుకు నడిచాడు. అక్కడ కాస్త ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

చివరికి వాగు వచ్చింది. పిల్లలూ, ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దగ్గర సన్నని తుంపరే పడుతూ ఉండొచ్చు. కానీ పైన కొండ మీద కుండపోతగా కురిస్తే, ఆ నీళ్ళన్నీ వాగులోకే వస్తాయి. అందుకే ఆ రోజు వాగు ఎర్రమట్టి కలుపుకుని, నురగలు కక్కుతూ పారుతోంది. అవతలి ఒడ్డున నేరేడు చెట్లు కనిపిస్తూనే ఉన్నాయి. పళ్ళ వాసన కూడా వస్తోంది.

గుబురయ్య ఒడ్డున తటపటాయించాడు. పైన మద్ది చెట్టు మీద ఒక కొండముచ్చు కూర్చుని ఉంది.

"ఏం గుబురయ్య బావా, నీళ్ళు చూసి జంకావా? నేరేడు విందని అడవంతా చాటింపు వేశావట కదా" అంది.

గుబురయ్యకి రోషం వచ్చింది. జూలు నిక్కబొడుచుకుంది. వాగులోకి దిగి, నడిమి దాకా వెళ్ళి, తిరిగి వచ్చాడు.

"ఏం లేదు, నా నడుం లోతే. అందరూ నా వెనకే రండి. ఒక్క ఊపున దాటేద్దాం" అన్నాడు.

"పిందె కూడానా?" అంది దుంపమ్మ.

"అందరమూ వచ్చాం, అందరమూ దాటుదాం. ఇంత దూరం వచ్చి వెనక్కి పోతామా?"

గునపం అప్పటికే ముందుకాళ్ళు నీళ్ళలో పెట్టేశాడు. దుంపమ్మ వాదించలేదు.

"ఒక్క క్షణం అలాగే ఉండండి. పిందే, వెళ్ళి నాన్న పక్కన నిలబడు తల్లీ" అంది.

గుబురయ్య నల్లటి ఒంటి మీద వాగు నీళ్ళు తగిలినంత మేరా ఎర్రమట్టి అంటుకుంది. నడుం దగ్గర గీత గీసినట్టు ఉంది. పిందె వెళ్ళి పక్కన నిలబడింది. తల ఎత్తి ఆ ఎర్ర గీతని చూసింది. ఇదేదో ఆట అనుకుంది. దాన్ని ముక్కుతో అందుకుందామని ఎగిరింది. అందలేదు. రెండు అడుగులు వెనక్కి వేసి, పరిగెత్తుకొచ్చి ఎగిరింది. అందలేదు. ఉన్న బలమంతా పెట్టి ఇంకోసారి ఎగిరి, బురదలో కూలబడింది.

"నాన్నా, నువ్వు కొంచెం వంగు. నాకు అందట్లేదు" అంది.

గుబురయ్య ఆ గీతని చూశాడు. పిందెని చూశాడు. జూలు మెల్లగా పడుకుంది.

"గునపం, కాళ్ళు బయటికి తీయి. ఇంటికి పోదాం" అన్నాడు.

గుమ్మడి ఏడుపు లంకించుకున్నాడు. కొండముచ్చు కిచకిచా నవ్వింది.

"అంత లోతేం ఉంది బావా?"

"నాకైతే నడుం లోతు. మా పిందెకి ఎగిరినా అందనంత లోతు" అన్నాడు గుబురయ్య.

"రేపు ముళ్ళపంది అడిగితే ఏం చెబుతావు?"

"ఇదే చెబుతాను."

వాళ్ళు అటు తిరిగారో లేదో, వెనక పెద్ద చప్పుడైంది. వేళ్ళతో సహా ఊడిన చెట్టు ఒకటి వాగులో దొర్లుకుంటూ వచ్చి, వాళ్ళు దాటుదామనుకున్న చోటునుంచే కొట్టుకుపోయింది. కొండముచ్చు గబగబా పై కొమ్మకి ఎక్కింది. గుమ్మడి ఏడుపు ఆపేసి అమ్మకి ఆనుకుని నడిచాడు.

తిరుగుదారిలో పిల్లకాలువ కూడా పొంగి ఉంది. గుబురయ్య ఈసారి కాలు పెట్టి చూడలేదు. ఒడ్డు పక్కన చూరులా ముందుకొచ్చిన బండ ఒకటి ఉంటే, దాని కింద అందరినీ కూర్చోబెట్టాడు. దుంపమ్మ అక్కడే దుంపలు తవ్వి పెట్టింది. తిన్నాక పిల్లలు బురదగట్టు మీదనుంచి జారుడుబండ ఆట మొదలుపెట్టారు. కాసేపటికి గుబురయ్య కూడా జారాడు. ఆయన జారాక గట్టు సగం లేదు.

వాన వెలిసింది. కాలువ తగ్గుతూ వచ్చింది. గుబురయ్య నీటి ఉరవడికి అడ్డంగా నిలబడి, పిందెని అంచున దింపి, "ఎంత ఉందమ్మా?" అని అడిగాడు.

"నా పొట్ట దాకా ఉంది నాన్నా."

ఆ నీళ్ళు ఆయన గిట్ట దాటి కాస్త పైకి వచ్చాయి, అంతే.

"అయితే ఇంకాసేపు ఆడుకోండి" అని, వెళ్ళి మళ్ళీ బండ కింద కూర్చున్నాడు.

పొద్దు వాలకముందే అందరూ కాలువ దాటారు. పిందె ముందు నడిచింది. మిగతావాళ్ళు దాని వెనక నడిచారు.

నీతి: నలుగురితో కలిసి వెళ్ళేటప్పుడు, నీళ్ళ లోతు అందరికంటే చిన్నవాళ్ళ కాలితో కొలవాలి.