పెంటకుప్పతో సహా చేను

కొండవాగు దగ్గర రెండు చేలు. మెట్ట మీదది కర్రి అనే నల్లెద్దుది, ఒడ్డునున్నది సుబుద్ధి అనే నక్కది. ఆ పేరు పెట్టడంలో పెద్దలు తొందరపడ్డారని సుబుద్ధికి తప్ప అందరికీ తెలుసు.

ఇద్దరిదీ వేరుశనగే. కర్రి మాత్రం మధ్యమధ్య జొన్న వేసి నేలను మార్చేవాడు. సుబుద్ధికి జొన్న నోటికి సయించదు, అందుకని ఏటా వేరుశనగే వేసేవాడు.

ఆ శ్రావణంలో సుబుద్ధి చేలో మొక్కలు ఒక్కొక్కటే తలవాల్చాయి. పీకి చూస్తే కాండం మొదట్లో నూలుపోగుల్లాంటి తెల్లటి బూజు, దాని నిండా ఆవగింజలంతేసి గోధుమరంగు గుండ్లు. పంట సగానికి సగం పోయింది.

"వచ్చే ఏడూ ఇంతే అయితే నలుగురు పిల్లలకీ ఏం పెడతావ్?" అంది పెళ్ళాం.

సుబుద్ధికి నిజంగానే గుండె జారింది. గుండె జారినా జిత్తులు జారలేదు. చచ్చిన మొక్కలన్నీ మూటగట్టి, మెట్టెక్కి, కర్రి పెంటకుప్పలో కుమ్మరించి వచ్చాడు. పీడ విరగడైందనుకున్నాడు.

ఎండాకాలం రాగానే కర్రి దగ్గరికి బయల్దేరాడు. కర్రి వాగులో కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఎవరి చేలోంచి వచ్చినా గిట్టల మట్టి కడుక్కుంటే గానీ తన చేలో అడుగుపెట్టడు.

"ఏం మడి మామా ఇది? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"ఎవరి మట్టి వాళ్ళ దగ్గరే ఉండాలి అల్లుడూ. ఏం పనిమీద వచ్చావ్?"

"నీ మేలు కోరే వచ్చాను. వయసు మళ్ళింది, రోజూ ఆ మెట్ట ఎక్కలేకపోతున్నావ్. చూడలేకపోతున్నాను. నా చేను నువ్వు తీసుకో, నీది నాకియ్యి."

కర్రి నెమరు ఆపాడు. "నీ చేలో మొక్కలు చచ్చాయని విన్నానే?"

"గిట్టనివాళ్ళ మాటలు మామా. వెళ్ళి చూసుకో, ఒక్క ఎండుపుల్ల కనపడితే నా చెవి కోసుకో."

"చూశాను, ఒక్కటీ లేదు. అందుకే అడిగాను" అన్నాడు కర్రి. మళ్ళీ నెమరు మొదలుపెట్టి, "సరే, ఈ ఏడు నాకు జొన్న వెయ్యాలనుంది. దానికి నీ చేనైనా చాలు" అన్నాడు.

సుబుద్ధి లోలోపలే పొంగిపోయాడు. ఇంత తేలిగ్గా పడ్డవాణ్ణి ఇంకాస్త పిండకపోతే నక్క పుట్టుక పుట్టి ఏం లాభం?

"చేనుతో పాటు పెంటకుప్ప కూడా వస్తుంది. మన వాగు కట్టుబాటు అదే. నీకు తెలియనిదేముంది?"

"తీసుకో. కానీ అందులో ఎవరో తెగులు మొక్కలు పడేశారు. ఈ ఏడు చల్లకు. ఆ మొక్కలు ఏరి తగలబెట్టు."

సుబుద్ధి పని తేలు కుట్టిన దొంగలా అయింది. తర్వాత తేరుకుని, "చచ్చిన మొక్క ఎవర్ని కరుస్తుంది మామా?" అని నవ్వేశాడు. ముసలాడికి ఎరువు మీద ఆశ చావలేదని తేల్చుకున్నాడు. ఇంటికెళ్ళి పెళ్ళాంతో అదే చెప్పి ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకున్నారు.

తొలకరి పడింది. సుబుద్ధి కుప్పంతా తవ్వి చేనంతా ఒక్క మూల వదలకుండా చల్లి, వేరుశనగ విత్తాడు. కింద కర్రి లోతుగా దున్ని, మట్టి తిరగేసి, జొన్న వేశాడు.

మళ్ళీ శ్రావణం వచ్చింది. మెట్ట మీద మొక్కలు వరసలు వరసలుగా వాలిపోయాయి. మొదళ్ళలో అదే తెల్లటి బూజు, అవే ఆవగింజలంతేసి గుండ్లు. ఈసారి సగం కాదు, మొత్తం పోయింది.

సుబుద్ధి ఏడుస్తూ దిగొచ్చాడు. "నీ మొక్కలు ఇన్నేళ్ళూ నిలబడ్డాయి కదా మామా, నావెందుకు చచ్చాయి?"

"అవీ పోరాడాయి అల్లుడూ. శత్రువు తాకితే మొక్క బెరడు గట్టి చేసుకుంటుంది, చేదు ఊరుస్తుంది. వేరు చుట్టూ మంచి బూజు కూడా కాపలా ఉంటుంది. ఒకటో రెండో దొంగలొస్తే తరిమేవే. నువ్వు దండునే తెచ్చి ఒక్కో మొక్క మొదట్లో కూర్చోబెట్టావు. ఆ గుండ్లే బూజుకు విత్తనాలు, నాలుగేళ్ళైనా మట్టిలో చావవు."

"మరి నీ జొన్న?"

"ఆ బూజుకు జొన్న అంతగా రుచించదు. నీకు లాగే."

సుబుద్ధి తల దించుకున్నాడు. ఇంటి దగ్గర పిల్లలు ఆకలని గోల పెడుతున్నారు. "నాలుగు కంకులు పెట్టు మామా. జొన్నైనా సరే."

"పెడతాను, పిల్లలేం చేశారు? ముందు ఆ వాగులో కాళ్ళు కడుక్కునిరా."

సుబుద్ధి వాగులో దిగి, నాలుగు కాళ్ళూ గోళ్ళ సందులతో సహా కడుక్కున్నాడు.

నీతి: తెగులును పక్కవాడి కుప్పలో దాచినవాడు, ఆ కుప్ప మీద ఆశైనా చంపుకోవాలి.